ఒక గీత కొట్టి, పక్కన మళ్ళీ

మంగళవారం పొద్దున చెంగయ్య మా గేటు పట్టుకొని నిలబడి ఉంటే చేపలు అమ్మడానికి వచ్చాడనుకున్నాను. "ఈరోజు వద్దు పో చెంగయ్యా. మొన్న నువ్వు అంటగట్టిన మడవ చేపలే ఫ్రిజ్జులో నన్ను చూసి నవ్వుతున్నాయి" అన్నాను. అతని చేతిలో బుట్ట లేదు. అది నేను చూడలేదు. కాసేపు గేటు గడియను అటూ ఇటూ కదిపి, "చేపలు కాదు టీచరమ్మా. అయివోరు పోయినారు" అన్నాడు.

ఏ అయివోరు అని అడగలేదు. సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఆ మాటకు ఒక్కరే మనిషి. మా లెక్కల మాస్టారు. తెల్లవారుతూనే లేచి, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వసారాలో కుర్చీలో కూర్చున్నారట. వాళ్ళావిడ పాలు కాచి వచ్చి చూసేసరికి అంతే. ఎవరికీ పని పెట్టకుండా పోయారు. బతికినంతకాలం ఊరందరికీ పని పెట్టిన మనిషి.

ఎనిమిదింటికల్లా నా ఫోను నిండా దండం పెట్టే చేతులు, వెలిగే కొవ్వొత్తులు. "ఆర్.ఐ.పి. సార్" అని ఒకడు. దాని కింద "సేమ్" అని ఇంకొకడు. నేను అదే స్కూల్లో ముప్పై ఏళ్ళు వీళ్ళకు తెలుగు చెప్పినదాన్ని. లెక్కలు నేర్పిన మనిషి పోతే ఒక్క నిండు వాక్యం రాయలేకపోయారంటే అందులో సగం సిగ్గు నాది. అందుకే ఈ నాలుగు మాటలు నేనే రాస్తున్నాను. కన్నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు ముందు కోపం వచ్చింది. ఇంకా దిగలేదు.

మాస్టారిది చిల్లకూరు వైపు, వరి పండించే ఇల్లు. బదిలీ మీద మా ఊరికి వచ్చినప్పుడు, ఇంకో బదిలీ వచ్చేదాకా ఓర్చుకుందాం అనుకున్న పడుచువాడే. కొత్తలో చేపల వాసనకు తట్టుకోలేక ముక్కుకు రుమాలు కట్టుకొని పాఠం చెప్పేవారు. మూడో రోజున తరగతిలోకి పోయి చూస్తే పిల్లలందరూ ముక్కులకు గుడ్డలు కట్టుకొని బుద్ధిగా కూర్చొని ఉన్నారు. ఆయన తన రుమాలు విప్పి జేబులో పెట్టుకొని, "సరే, రెండు పక్కలా సమానమైంది. ఇంక మొదలుపెడదాం" అన్నారట. తర్వాత బదిలీలు రాకపోలేదు. ఆయన పోలేదు.

చేపలు పట్టేవాళ్ళ మధ్య ముప్పై ఏళ్ళకు పైగా బతికి ఒక్క చేప ముట్టలేదు. చెంగయ్యకు అది తీరని దిగులు. పండగొస్తే అందరిళ్ళకూ రొయ్యలు పంపి, ఈయనకు మాత్రం ఎక్కడి నుంచో మునక్కాయలు తెచ్చి, "వీటికి ముళ్ళు లేవు సార్, బయపడబాకండి" అని గుమ్మంలో పెట్టి పోయేవాడు.

రిటైరైన తర్వాత కూడా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది. జేబు ఎప్పుడూ తెల్లగా, చొక్కా రంగేదైనా సరే. "బోర్డే లేదు కదా మాస్టారూ, ఇంకా అదెందుకు" అంటే, "బోర్డు యాడైనా ఉంటుంది టీచరుగారూ. సుద్దముక్కే ఉండదు" అనేవారు. రెండో ఆస్తి నల్ల గొడుగు. దాని ఊచ ఒకటి విరిగితే పారేయకుండా వల దారంతో కట్టించుకున్నారు. చెంగయ్యే కట్టాడు. ఆ ముడి గొడుగుకంటే గట్టిది.

ఇక కోపం సంగతి.

మా పిల్లలు పదో తరగతి అయ్యాక బస్సెక్కి పట్నంలో జూనియర్ కాలేజీకి పోతారు. అక్కడ లెక్కలు చెప్పే లెక్చరర్ వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఇంకొకరిని వెయ్యమని అడిగితే, ఇప్పుడంతా ఆన్‌లైనే కదా అని ఒక లింకు పంపారు. ఆకలేస్తోందంటే అన్నం ఫొటో పంపినట్టు. సరిగ్గా అప్పుడే ఒక ట్రస్టు కూడా ఊళ్ళోకి వచ్చింది. దాని పేరు రాయను. రాస్తే వాళ్ళకు పేరొస్తుంది. ఇంటర్ రెండో ఏడాది పొడుగునా పేద పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెబుతారట. ప్రతి శనివారం ఒక పరీక్ష. అన్ని వారాలూ పూర్తిచేసినవాళ్ళలో కొందరిని ఇంటర్వ్యూకు పిలిచి, కాలేజీ చదువు మొత్తానికి స్కాలర్‌షిప్ ఇస్తారట. ఒక్క శనివారం తప్పితే మాత్రం పేరు తీసేస్తారు.

మా ఊరి నుంచి తొమ్మిదిమంది చేరారు. అందులో చెంగయ్య కూతురు కావేరి ఒకతె. ఈ ఊళ్ళో ఇంజనీరింగు దాకా పోగల పిల్ల ఎవరంటే అందరి వేలూ ఆ పిల్లవైపే పోయేది. స్కాలర్‌షిప్ రాకపోతే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. తడ దగ్గర ఫ్యాక్టరీలకు పోయే బస్సు రోజూ పొద్దున మా మలుపులో ఆగుతుంది. దానికి పరీక్షలేమీ లేవు. పద్దెనిమిది నిండితే చాలు, ఎక్కించుకుంటుంది. ఎక్కిన పిల్లలెవరూ మళ్ళీ పుస్తకం పట్టిన దాఖలా నాకు తెలియదు.

ఇంటికొక ఫోనుంది, కాదనను. అది తెల్లారి తండ్రితో పడవలో పోయి, సాయంత్రం చేపల వాసనతో తిరిగొస్తుంది. ఇంట్లో ఉన్నా ఊళ్ళో వీడియో ఆడేంత సిగ్నల్ రాదు. వచ్చేది ఒక్కచోటే, రేవు గట్టు మీద రొయ్యలు తూకం వేసే సిమెంటు అరుగు దగ్గర. మాస్టారు తన ఫోను, గొడుగు, మడతకుర్చీ తీసుకొని అక్కడికి చేరారు. ఎండకు ఫోను తెర కనపడదు కాబట్టి గొడుగు ఫోనుకే. మనుషులంతా ఎండలో, ఫోను నీడలో. వీడియోలో కోటు వేసుకున్న ఎవరో ఒకాయన లిఫ్టు వేగం గురించి చెబుతుంటే మాస్టారు ఆపేసి, "లిఫ్టు ఎవురైనా ఎక్కినారా? లేదు గదా. పడవ అనుకోండి. ఎదురుగాలి కొడతా ఉంది" అని అరుగు మీదే సుద్దముక్కతో మొదలుపెట్టేవారు. ఎదురుగాలి గురించి పిల్లలే ఆయనకు రెండు మాటలు ఎక్కువ చెప్పేవాళ్ళు. పాఠం అయ్యాక బిందెడు నీళ్ళు పోసి అరుగు కడిగేవారు. రొయ్యలకు లెక్కలు అంటకూడదని.

తొమ్మిదిమందికీ ఫోను ఒక్కటే. శనివారం ఎవరు ముందు రాయాలని మొదటివారమే జుట్లు పట్టుకున్నారు. దానికి మందు మాస్టారికి ఊళ్ళోనే దొరికింది. మా సరస్సులో ఎవరు పడితే వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ వల వెయ్యరు. చేపలు బాగా పడే చోట్లు కొన్నే. ఏ రోజు ఏ ఇంటి వల అక్కడ పడాలో పెద్దలు కూర్చొని చీటీలు తీసి తేలుస్తారు. దాన్ని పాడు అంటారు. పాడు వచ్చిన రోజు ఆ చోటు ఆ ఇంటిదే, ఇంకొకరు అటు పడవ తిప్పరు. మాస్టారు శుక్రవారం సాయంత్రం పిల్లల చేత చీటీలు తీయించారు. శనివారం పొద్దున ఆరు నుంచి గంటకొకరు. "ఇది పరీక్ష పాడు" అన్నారు. ఇంకొక్క మాట వివరించే పని లేకపోయింది. అక్కడే తప్పు జరిగింది. అది అప్పటికి ఎవరికీ తెలియలేదు.

నా వంతుకు వ్యాసాలు వచ్చాయి. "టీచరుగారూ, మీకు ఖాళీయే గదా" అంటూ మాస్టారు మా ఇంటికి వచ్చారు. రిటైరైన ఆడవాళ్ళు ఖాళీగా ఉంటారని ఈ దేశంలో ఎవరు పుకారు పుట్టించారో తెలియదు. గొణుక్కుంటూనే పోయాను. ఆ స్కాలర్‌షిప్పుకు లెక్కలొక్కటే చాలవు. "మీరు ఎదుర్కొన్న కష్టాన్ని ఐదు వందల పదాల్లో రాయండి" అని ఒకటుంది. బీదవాళ్ళయితే సరిపోదు, అందంగా బీదవాళ్ళు కావాలి. కావేరి మొదట రాసుకొచ్చిన దాంట్లో ఇల్లు కారుతోంది, అమ్మకు జబ్బు, నాన్న తాగి వస్తున్నాడు. చెంగయ్య టీ తప్ప ఏదీ తాగడు.

"ఏమ్మే, మీ నాయన ఎప్పుడు తాగినాడు?" అని అడిగాను.

"నెట్లో ఉండే వ్యాసాల్లో అందురు నాయన్లూ తాగతారు టీచరవ్వా" అంది.

మాస్టారు ఆ కాగితం చదివి, మడిచి, ఆ పిల్ల చేతికే ఇచ్చారు. "కష్టం రాయమన్నారని కష్టం రాయబాక. నువ్వు చేసిన పని రాయి. అందులో కష్టం ఉంటే అదే కనపడతాది" అన్నారు. ముప్పై ఏళ్ళు వ్యాసరచన నేర్పిన నా నోట అంత పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు. కావేరి రెండోసారి, చిరిగిన వలను ఎక్కడ మొదలుపెట్టి బాగుచెయ్యాలో రాసింది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

ఇంటర్వ్యూ నేర్పించాలని ఒక సాయంత్రం చెంగయ్యను మడతకుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు చేతికిచ్చారు. పడవ దిగి వచ్చిన మనిషి, గోచీ సర్దుకొని గంభీరంగా, "నీ బలహీనత ఏంది?" అన్నాడు. "కోపం సార్" అంది కూతురు. "అది మీ అమ్మ నుంచి వచ్చింది. నీదేందో చెప్పు" అన్నాడు. గట్టు మీద నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకోవడం నేను చూసింది ఆరోజే.

కోర్సు సగం దాటాక ఒక గురువారం చెంగయ్య తల్లి పోయింది. మైల ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటివాళ్ళు రేవు తొక్కరు. పాడు వచ్చినా పడవ దించరు. అలాగని ఆ పాడు పాడుపడనివ్వరు. మైల అంటని చుట్టం ఒకరు ఆ ఇంటి పేరున వల వేసి, పడిన చేపలన్నీ తెచ్చి వాళ్ళ గుమ్మం ముందు పోసి, ఒక్క పిల్లచేపైనా ఉంచుకోకుండా వెళ్ళిపోతారు. దాన్ని ఇక్కడ దయ అనరు, మర్యాద అంటారు.

ఆ శనివారం పది గంటల పాడు కావేరిది. పదకొండు గంటలది వాళ్ళ పిన్నమ్మ కూతురు దివ్యది. మాస్టారు ఫోను పిల్లలకు అప్పగించి చావింటికి పలకరింపుకు పోయారు. దివ్య తల్లివైపు చుట్టం, మైల లేదు. కావేరి నోటుపుస్తకం అట్ట లోపల ఉన్న పేరూ పాస్‌వర్డూ కొట్టి దివ్యే అక్క పరీక్ష రాసింది. ఆ తర్వాత తన పరీక్ష తను రాసుకుంది. మాస్టారు తిరిగి వచ్చేసరికి నేనక్కడే ఉన్నాను.

"అక్క పాడు నేను చేసినా సార్" అంది దివ్య. "ఇరవైకి పద్దెనిమిది. నాదానికన్నా రెండు ఎక్కువే పడినాయి."

వల దివ్య వేసింది, చేపలు కావేరి గుమ్మంలో పోసింది. అది దొంగతనం చేసిన మొహం కాదు, మొక్కు తీర్చుకున్న మొహం. మాస్టారు "బాగా రాసినావు" అన్నారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చొని చాలాసేపు నీళ్ళవైపు చూశారు.

సాయంత్రం మా వసారాలో ఇద్దరం పోట్లాడుకున్నాం.

"జరిగింది జరిగినట్టు వాళ్ళకు రాసి, ఆ పిల్లకు మళ్ళీ పరీక్ష పెట్టమని అడగాల టీచరుగారూ."

"ఎవరు చూశారు మాస్టారూ? నోరు మూసుకుంటే పోయేదానికి."

"నేను చూసినా గదా."

"మీరూ చూడలేదు. ఆ పిచ్చిపిల్ల చెప్పింది."

"పాడు అని పేరు పెట్టింది నేను. పాడులో ఒకరి బదులు ఒకరు వెయ్యొచ్చు, ఇందులో వెయ్యకూడదు అని చెప్పంది కూడా నేనే. తప్పు పిల్లలది కాదు. నేను చేసిన లైన్లో ఉంది."

ఆయన తరగతిలో రబ్బరుకు చోటు లేదని పాత విద్యార్థులందరికీ గుర్తుండే ఉంటుంది. "లెక్క తప్పితే తుడపబాకండి. ఒక గీత కొట్టి, పక్కన మళ్ళీ చెయ్యండి. యాడ తప్పినారో కనపడాల" అనేవారు. గీత కొట్టి మళ్ళీ చేసిన లెక్కకు అరమార్కు ఎక్కువ వేసేవారని ఇతర మాస్టర్లు ఎగతాళి చేసేవాళ్ళు. నేనూ చేశాను.

మరునాడు కావేరి గుమ్మం దగ్గరికి పోయి ఆ పిల్లనే అడిగారు. "రాయండి సార్. ఆ పద్దెనిమిది నావి కాదు. నేనైతే పందొమ్మిది తెచ్చుంటా" అంది.

ఉత్తరం పోయింది. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఒకరి బదులు ఒకరు పరీక్ష రాసినందుకు ఇద్దరి ప్రవేశమూ రద్దు. అడుగున "ఈ మెయిలుకు జవాబు ఇవ్వరాదు" అని. నోరుంది, చెవి లేదు. అబద్ధం ఆడి ఉంటే కావేరి ఇవాళ్టికీ వాళ్ళ జాబితాలో ఉండేది. నిజం చెప్పబట్టి పోయింది. వాళ్ళ పాఠాల్లో "విలువలు" అని ఒక వీడియో కూడా ఉంది. నలభై నిమిషాలు. నేను మొత్తం చూశాను, కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

ఆ రోజు నుంచి మాస్టారు వాళ్ళ వెంటపడ్డారు. మెయిళ్ళు రాశారు. ఫోన్లు చేశారు. ఒకసారి గట్టు మీదే స్పీకరు పెట్టి మాట్లాడితే అందరం విన్నాం. అరగంట సంగీతం తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"సార్, మీరు పేరెంటా?"

"కాదమ్మా."

"గార్డియనా?"

"కాదు. వాళ్ళ లెక్కల మాస్టారిని."

అటువైపు టకటకమని చప్పుడు. "ఆ ఆప్షన్ లేదు సార్."

"పర్లేదులే. నీకు లెక్కలు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు గదా?"

"చెప్పారు సార్."

"ఆయన్ని ఏ ఆప్షన్లో పెట్టుకున్నావమ్మా?"

 ఆ అమ్మాయి మెల్లగా ఫిర్యాదు నంబరు చెప్పింది. మాస్టారు దాన్ని అరుగు మీద సుద్దముక్కతో రాసుకున్నారు.

చివరికి ఇద్దరి నోటుపుస్తకాలూ సంచిలో పెట్టుకొని, బస్సెక్కి, వాళ్ళ ఆఫీసున్న నగరానికే పోయారు. అద్దాల తలుపు దగ్గర వాచ్‌మన్ ఆపేసి, "అంతా ఆన్‌లైనే సార్, లోపల ఎవురూ ఉండరు" అన్నాడట. "మరి నువ్వు ఎవురికి కాపలా నాయనా?" అని అడిగి, అతనిచ్చిన మంచినీళ్ళు తాగి తిరిగొచ్చారు. ఆ వయసులో, ఆ ఎండలో. ఆ అద్దాల వెనక ఒక్కరైనా లేచి బయటికి వచ్చి ఉంటే వాళ్ళ కాలేమీ అరిగేది కాదు.

ఇంత జరుగుతున్నా ఏ శనివారమూ ఆ ఇద్దరికీ పరీక్ష ఆగలేదు. వాళ్ళిద్దరికీ ఆయనే కాగితం మీద ప్రశ్నలు రాసి తెచ్చేవారు. "ఎవురు తీసేసినా మన పాడు మనం ఒదులుకోకూడదు" అనేవారు.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, గట్టు మీద నాకు ఓపిక తెగింది. "మీ నిజాయితీకి ఇద్దరాడపిల్లల చదువు సరిపోయిందా మాస్టారూ, ఇంకా ఎవరైనా కావాలా?" అన్నాను. పిల్లలు వింటుండగానే అన్నాను.

ఆయన గొడుగు ముడుచుకుంటూ, "గీత ఒకటే కొట్టినాం టీచరుగారూ. పక్కన ఇంకా చెయ్యలేదు. సగం లెక్క చూసి మార్కులు వెయ్యబాకండి" అన్నారు. నాతో ఆయన ఆడిన చివరి మాట అది. ఆయనతో నేనాడిన చివరి మాట పైన రాశాను. దాన్ని తుడవలేదు.

స్కూల్లో సంతాపసభ పెట్టారు. పూలదండ పెద్దది, ఫొటో చిన్నది. అక్షరయోధుడన్నారు, విద్యాదాత అన్నారు. ఆ మాట అన్న పెద్దమనిషే, మూడు వారాల ముందు మాస్టారు ట్రస్టుకు పంపే ఉత్తరం మీద సంతకం అడిగితే, "ఈ వయసులో ఎందుకు సార్, రెస్టు తీసుకోండి" అని పంపేశాడు. ఇప్పుడు నిజంగానే రెస్టు తీసుకున్నారు కాబట్టి పొగడడానికి అడ్డంకి లేదు. ఆయన దానం చెయ్యలేదు, పని చేశారు. దానమంటే ఇచ్చి మరిచిపోయేది. ఆయన మరిచిపోయే రకం కాదు. మైకు నా దాకా వచ్చినప్పుడు, "ఇక్కడున్నవాళ్ళలో ఆ పిల్లల కోసం ఒక్క ఉత్తరం ముక్క రాసినవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. లేచింది ఒక్క చెయ్యే, అదీ మైకు కోసం. తర్వాత నా చేతిలోంచి మైకు మర్యాదగా తీసుకున్నారు.

పెద్దకర్మ రోజున మాస్టారి భార్య ఆ ఫోనూ గొడుగూ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఇవి ఇంట్లో ఉంటే నాకు ఆయన రేవుకు పోతా ఉన్నట్టే ఉంది అక్కా" అంది. ఇంతలో ఫోను మోగింది. ట్రస్టు నుంచి సందేశం. "మీ ఫిర్యాదు ముగించబడింది. మా సేవలు ఎలా ఉన్నాయి? నక్షత్రాలు ఇవ్వండి." అవతల పిండాల పని జరుగుతోంది. నేను ఒక నక్షత్రం ఇచ్చాను. సున్నా ఇచ్చే వీలు వాళ్ళు పెట్టుకోలేదు, తెలివైనవాళ్ళు.

ఆ మధ్యాహ్నమే కాగితాలు తీసుకొని కూర్చున్నాను. పాడు అంటే ఏమిటో, మైల అంటే ఏమిటో, పిల్ల ఏం చేసిందో, మాస్టారు ఎందుకు దాచలేదో, ఆయన ఎలా పోయారో, అంతా తెలుగులో రాశాను. తప్పు పోయినచోట గీత కొట్టి పక్కన మళ్ళీ రాశాను. కొట్టివేతలతో సహా రిజిస్టర్ పోస్టులో ఆ ట్రస్టు పెద్దాయన పేరుకే పంపాను. సంతకం పెట్టి తీసుకోవలసిన ఉత్తరాన్ని ఏ లింకూ మింగలేదు.

పది రోజులకు ఫోను వచ్చింది, మాస్టారి నంబరుకే. గొంతు గుర్తుపట్టాను. ఆప్షన్ లేదన్న అమ్మాయి.

"సార్ ఉన్నారా?"

"లేరమ్మా. నేను తెలుగు టీచర్ని. ఆ ఆప్షనైనా ఉందా?"

"మీ ఉత్తరం చదివినాం మేడం" అంది. "అప్పుడే నేను ఆ ఫైలు పైకి పంపుంటే మీ సార్ బతికుండగానే ఈ కబురు వినుండేవారు" అంది. ఆ ఒక్క మాటకు ఆ అమ్మాయి మీద నా కోపం సగం తీసేశాను. తీసేసిన ఆ సగం వెంటనే మళ్ళీ తెప్పించింది. కావేరికి తప్పిన పరీక్ష వచ్చే ఆదివారం పది గంటలకు మళ్ళీ పెడతారట. పాసైతే కోర్సులో చేర్చుకొని, పోయిన వారాల పరీక్షలు కూడా రాయనిస్తారట. దివ్యకు మాత్రం వీల్లేదట. వేరేవాళ్ళ పేరుతో రాసింది ఆ పిల్లే కాబట్టి.

"అంటే వండినదాన్ని గెంటేసి తిన్నదానికి విస్తరి వేస్తున్నారా?" అన్నాను. రూలు మేడం, అంది పాపం.

కావేరి ఆ కబురు వినగానే, "నేను రాయను. ఇద్దరికీ పెడితేనే రాస్తా" అంది.  చెంగయ్య బస్సు ఆగే మలుపువైపు చూసి, తల దించుకొని, "నీ ఇష్టం పాపా" అన్నాడు. కావేరిని వంచింది దివ్యే.

"ఏందక్కా నీ రోషం? నువ్వు వల వెయ్యకుంటే ఆ చేపలు వచ్చి నా బుట్టలో పడతాయా? నీ పాడు వచ్చింది, పోయి చెయ్. నా సంగతి టీచరవ్వ చూసుకుంటాది."

"నేనెప్పుడు ఒప్పుకున్నానమ్మా?" అన్నాను.

"మీకు ఖాళీయే గదా అవ్వా" అంది.

ఆ పిల్ల ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. రెండో ఉత్తరం ఆ రోజే మొదలుపెట్టాను. అది ఒక్కటితో ఆగేటట్టు లేదు. ఇది చదివే వాళ్ళలో ఆ ట్రస్టువాళ్ళు ఉంటే, కాగితాలు నా దగ్గర చాలానే ఉన్నాయని గుర్తుంచుకోవాలి.

మొన్న ఆదివారం పరీక్ష జరిగింది. ఫలితం ఇంకా రాలేదు. ఆ పొద్దున చెంగయ్య తనే అరుగు కడిగాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు కానీ, పది నుంచి పదకొండు దాకా రేవులో ఒక్క పడవ ఇంజను కూడా మోగలేదు. పాడు కదా. కావేరి అరుగు మీద బాసింపట్టు వేసి కూర్చొని, ఎదురుగా ఫోను పెట్టుకొని, మాస్టారి సుద్దముక్కతో పక్కనే సిమెంటు మీద లెక్కలు వేసుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. వేసినదాన్ని చూసింది. చెయ్యి అడ్డంగా పెట్టి తుడిచేస్తుందేమో అనుకున్నాను. ఒక గీత కొట్టి, పక్కన మళ్ళీ మొదలుపెట్టింది.

ఫోనుకు గొడుగు పట్టింది దివ్య. ఆ గంటసేపూ వీపు ఫోనువైపు తిప్పి, మొహం నీళ్ళవైపు పెట్టి నిలబడింది. చూసి చెప్పిందని రేపు ఎవరూ అనకూడదని. ఎవరూ అలా నిలబడమని చెప్పలేదు. చెయ్యి వెనక్కి చాచి పట్టుకున్న గొడుగు గాలికి ఊగుతోంది, వల దారం కట్టిన ఊచ మాత్రం కదలలేదు. చెయ్యి మారిస్తే నీడ జరుగుతుందని చెయ్యి మార్చలేదు. పదకొండయింది. కావేరి సుద్దముక్క కింద పెట్టింది. 

"అయిపోయిందా అక్కా?" అంది దివ్య, నీళ్ళవైపే చూస్తూ. "ఇంక తిరగొచ్చా?"